ఏజెన్సీలో గుండె జబ్బుల లెక్క తీయాలంటే: సర్వేకి దిగేముందు తేల్చుకోవాల్సినవి

మీ ప్రశ్న ఇది: కమ్యూనిటీ మెడిసిన్ పీజీ థీసిస్ కోసం ఏజెన్సీ మండలాల్లో ఆదివాసీలకు గుండె జబ్బులు ఎంతున్నాయో కొలవాలి. 400 మంది, ఆరు నెలలు. ఒకే సర్వేలో బీపీ, షుగర్, ఈసీజీ, ఎకో (గుండె స్కాన్), పైగా ఏడాది మరణాల లెక్క. ఈ ప్లాన్ నిలబడుతుందా?

నిలబడదు. 400 చాలదన్నది ఒక్కటే కారణం కాదు. మీరు రాసినవన్నీ ఒకే జనంలో, ఒకే వయసులో, ఒకే చోట దొరికేవి కావు. బీపీ, షుగర్ కావాలంటే 18 నుంచి 69 ఏళ్ల వాళ్లను ఇళ్ల దగ్గర పట్టుకోవాలి. గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత గుండె కవాటాలను (వాల్వులను) పాడుచేసే రుమాటిక్ గుండె జబ్బు కావాలంటే బడి పిల్లల దగ్గరికి, ఇరవై ముప్పై ఏళ్ల ఆడవాళ్ల దగ్గరికి వెళ్లాలి. మరణాలకైతే జనాభా మొత్తం కావాలి. వెయ్యి మందికి ఏడాదికి ఆరేడు చావులు అనుకుంటే 20,000 జనాభాకి 120 నుంచి 140. మీ 400 మంది ఇళ్లలో ఏడాదికి పదికి అటూ ఇటూగానే మరణాలు దొరుకుతాయి, వాటిలో గుండె వల్ల పోయినవాళ్లు ఎందరు? కాబట్టి థీసిస్‌కి ఒక్కటి ఎంచుకోండి. ఒంటరిగా చేస్తున్నారంటే పెద్దవాళ్ల బీపీ, షుగర్ ఇంటింటి సర్వే. పరికరం, కార్డియాలజిస్టు తోడు ఉంటే ఆశ్రమ పాఠశాలల్లో రుమాటిక్ జబ్బు. రెండిటికీ వేర్వేరు తిప్పలున్నాయి, కింద చెబుతాను.

ముందు "ఆదివాసీ" అంటే ఎవరో తేల్చుకోవాలి. ఎస్టీ అని ఒక్క గడి పెట్టి టిక్ కొట్టిస్తే సర్వే అక్కడే సగం పోయినట్టు. తెలంగాణ ఎస్టీల్లో పెద్ద భాగం లంబాడాలు. వాళ్ల తండాల బతుకు, తిండి, రోడ్డు సౌకర్యం వేరు. నల్లమల చెంచు పెంటల (గూడేల) సంగతి వేరు, ఉట్నూరు వైపు కొలాముల సంగతి వేరు. అన్నిటినీ కలిపి సగటు తీస్తే ఆ అంకె ఎవరిదీ కాదు. ఆంధ్రలో బగత, కొండదొర, కోందు, పోర్జ, గదబ, సవర, కొండరెడ్డి, కోయ, మైదానంలో యానాదులు. ఫారంలో తెగ పేరు, వీలైతే ఇంటి భాష, ఊరు రోడ్డుకు ఎంత నడక దూరమో వేరుగా రాయండి. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి గోదావరి పరీవాహక అడవుల్లో ఉంటున్న గుత్తికోయలకు మన రాష్ట్రాల్లో ఎస్టీ సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ అడిగే సర్వేలో వాళ్లు కనపడరు. ఎక్కువ దుస్థితిలో ఉన్నది వాళ్లే కావొచ్చు.

తెగలను కలిపేస్తే ఏమవుతుందో అమెరికాలో తేలింది. 1988లో మొదలైన స్ట్రాంగ్ హార్ట్ స్టడీ 13 తెగల్లో 45 నుంచి 74 ఏళ్ల నాలుగున్నర వేల మందిని అరిజోనా, ఓక్లహోమా, డకోటా ప్రాంతాల్లో పరీక్షించి, ఏళ్ల తరబడి వెంటాడి చూసింది. అంతకుముందు వరకు మూలవాసులకు గుండెపోటు అరుదన్నదే వైద్యుల నమ్మకం. ఆ నమ్మకం నిలవలేదు. దానికంటే నాకు ముఖ్యమైంది మరొకటి: షుగర్ అందరికంటే ఎక్కువున్న అరిజోనా తెగల్లో గుండెపోట్లు తక్కువ, డకోటాల్లో ఎక్కువ. మూడు ప్రాంతాలనూ కలిపేసి ఉంటే ఆ తేడా బయటపడేదే కాదు. మన ఏజెన్సీలో "బీపీ, షుగర్ తక్కువే సార్, కష్టజీవులు" అనే మాట పీహెచ్‌సీల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) నడిపిన పోషకాహార సర్వేలు 2007–08లోనే తొమ్మిది రాష్ట్రాల ఆదివాసీ పెద్దల్లో దాదాపు నాలుగో వంతుకు బీపీ ఉందని చూపాయి.

ఆ నాలుగో వంతునే పట్టుకుని శాంపిల్ లెక్క వేద్దాం. 25 శాతం ఉంటుందని అంచనా, అటూ ఇటూ 3 శాతం లోపు పట్టుకోవాలంటే మామూలు లెక్కలో 800 మంది. కానీ మీరు ఊళ్ల వారీగా తీస్తున్నారు, ఒకే ఊరి వాళ్లు ఒకరికొకరు పోలి ఉంటారు. ఊరికి 30 మంది, ఆ పోలిక 0 నుంచి 1 కొలతలో 0.02 అనుకుంటే, శాంపిల్ ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే డిజైన్ ఎఫెక్ట్ 1 + 29 × 0.02, అంటే 1.58. 800 కాస్తా 1,264 అయింది. నూటికి పదిహేను మంది దొరకరనుకుంటే 1,487. అంటే 50 ఊళ్లు, ఊరికి 30 మంది. మీ 400తో వచ్చే అంకె చుట్టూ అటు అయిదు, ఇటు అయిదు శాతం ఊగుతుంది. తెగల వారీగా విడగొడితే ఇక అందులో ఏమీ మిగలదు. తెగల మధ్య పోలిక కావాలంటే ఒక్కో తెగకూ విడిగా శాంపిల్ లెక్క వేయాలి. లేదంటే ఒకే తెగకు పరిమితమవ్వాలి. థీసిస్‌కి రెండోదే నయం.

50 ఊళ్లను దేంట్లోంచి తీస్తారు? ఇక్కడే చాలామంది జారుతారు. 2011 జనాభా లెక్కల ఊళ్ల జాబితాలో రెవెన్యూ గ్రామాలే ఉంటాయి. కొండపైన 12 ఇళ్ల గూడెం ఆ జాబితాలో కింది ఊరి పేరులో కలిసిపోయి ఉంటుంది. ఊరు ఎంపికైతే బృందం రోడ్డు పక్క వీధిలో 30 మందిని పూర్తిచేసుకుని దిగిపోతుంది. డోలీలో రోగిని మోసుకొచ్చే గూడేలు ఒక్కసారీ లెక్కలోకి రావు. కాబట్టి ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) దగ్గర ఆవాసాల జాబితా తీసుకోండి, దాన్ని ఏఎన్‌ఎం, ఆశాల ఇళ్ల లిస్టుతో సరిచూడండి. రెండిట్లో తేడా ఉన్న చోట మీరే ఇళ్లు లెక్కపెట్టండి. యూనిట్ ఆవాసమే కావాలి, రెవెన్యూ గ్రామం కాదు. మరీ చిన్న గూడేలను పక్క గూడెంతో జతచేసి ఒక క్లస్టర్‌గా (ఎంపికకు ఒకే గుంపుగా) పెట్టుకోవచ్చు, ఆ జత ఎంపికకు ముందే జరగాలి.

ఇంట్లో ఎవరిని పరీక్షించాలన్నది కూడా లాటరీ పట్టికతోనే తేలాలి. "ఇంట్లో ఉన్నవాళ్లు" అని వదిలేస్తే మీ శాంపిల్ నిండా ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు చేరతారు. మగవాళ్లు పోడులో ఉంటారు, లేదా జనవరి నుంచి మార్చి దాకా మిరప కోతలకు మైదానానికి దిగి ఉంటారు. తెల్లవారుజామున అయిదున్నరకు ఊళ్లో ఉండండి, లేదా సాయంత్రం ఆరు దాటాక వెళ్లండి. మూడుసార్లు వెళ్లినా దొరకకపోతేనే "దొరకలేదు" అని రాయండి. సంత రోజు ఊరికి వెళ్లొద్దు, ఎవరూ ఉండరు. సంతలోనే టేబుల్ వేసి పరీక్షలు చేద్దామనే ఐడియా ఎవరో ఒకరు ఇస్తారు. అది క్యాంపు అవుతుంది, సర్వే కాదు. ఆరోగ్యశ్రీ క్లెయిముల సంగతీ అంతే. వాల్వ్ ఆపరేషన్లు ఎందరికి జరిగాయో అవి చెబుతాయి, అక్కడిదాకా రాలేనివాళ్ల గురించి ఒక్క మాటా చెప్పవు.

వయసు సంగతి విడిగా చెప్పాలి. ఏజెన్సీలో పెద్దవాళ్ల ఆధార్ కార్డులు వరుసగా పది తీసి చూడండి, చాలావాటిపై పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటుంది. ఎన్‌రోల్‌మెంట్‌లో వయసు మాత్రం చెబితే సిస్టం వేసేసిన తేదీ అది. ఆ వయసు కూడా 40, 45, 50 అని అయిదు, సున్నాల మీదే ఆగుతుంది. వయసుల తేడా సరిచేసి పోల్చే మీ వయసు ప్రామాణీకరణంతా దీనిమీదే నిలబడాలి, కాబట్టి ఘటనల క్యాలెండర్ తయారుచేసుకోండి. గోదావరి ఒడ్డు కోయలు, కొండరెడ్లకు 1986 వరద. ఆదిలాబాద్ గోండులకు 1981 ఇంద్రవెల్లి కాల్పులు. అరకు, పాడేరు వైపు 2014 హుద్‌హుద్. "వరదప్పుడు నీకు పెళ్లయిందా? పెద్దోడు పుట్టాడా, నడుస్తున్నాడా?" అని అడిగితే రెండు మూడేళ్ల తేడాతో వయసు తేలుతుంది.

ఇక బీపీ. పరికరం ఆటోమేటిక్, ధ్రువీకరణ ఉన్న మోడల్. వ్యక్తి అయిదు నిమిషాలు కూర్చోవాలి, వీపుకు ఆనుకునేది ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో. అరగంట లోపు చుట్ట, టీ, కల్లు ఉండకూడదు. మీకోసం కొండెక్కి వచ్చినవాళ్లను రాగానే కొలవొద్దు. మూడు కొలతలు, మధ్యలో మూడు నిమిషాల చొప్పున విరామం, చివరి రెండిటి సగటు. ఇదంతా మీ మాన్యువల్‌లోనూ ఉంటుంది. దగ్గరగా చూడాల్సింది చేతికి చుట్టే పట్టీ (కఫ్). మామూలు పెద్దల పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి చేసింది. బక్కపలచటి కొండరెడ్డి ఆడమనిషి చెయ్యి చుట్టూ టేపు పెడితే 20, 21 రావడం మామూలే. పెద్ద పట్టీ సన్న చేతికి చుడితే బీపీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అంటే "ఆదివాసీలకు బీపీ తక్కువ" అనే మాటను మీ పట్టీయే పుట్టించగలదు. 17 నుంచి 22 సెంటీమీటర్ల చిన్న పట్టీ ప్రతి బృందం సంచిలో ఉండాలి, చెయ్యి చుట్టుకొలత, వాడిన పట్టీ సైజు ఫారంలో రాయాలి. ఆటోమేటిక్ యంత్రం అంకెల్లో చివరి అంకె సున్నా పదో వంతు ఉండాలి. ఎవరి ఫారాల్లోనైనా నూటికి నలభై సున్నాలొస్తే ఆయన యంత్రం తీయడం లేదని అర్థం. వారానికోసారి ఈ లెక్క చూస్తే చాలు, ఎవరినీ నిలదీయకుండానే తెలిసిపోతుంది.

కాలం కూడా రాసుకోండి. లంబసింగి చలిలో డిసెంబర్‌లో తీసిన బీపీని చింతూరు మే ఎండలో తీసిన బీపీతో పోల్చితే మీరు కొలిచింది తెగల తేడానా, వాతావరణం తేడానా? అన్ని ప్రాంతాలకూ ప్రతి నెలా కొన్ని ఊళ్లు పడేలా షెడ్యూల్ వేయండి.

షుగర్‌కి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) వద్దు. ఉపవాసం అక్కర్లేదు, ఒక చుక్క చాలు అని అందరూ అటే మొగ్గుతారు. కానీ ఏజెన్సీలో సికిల్ సెల్ జన్యువు (ఎర్ర కణాలను కొడవలిలా వంచేది) ఉంది, అంతకు మించి రక్తహీనత ఉంది. సికిల్ జబ్బులో ఎర్ర కణాలు త్వరగా చచ్చిపోతాయి, కాబట్టి హెచ్‌బీఏ1సీ తప్పుగా తక్కువ వస్తుంది. ఐరన్ లోపంలో తప్పుగా ఎక్కువ వస్తుంది. రెండూ ఉన్న ఊళ్లో ఆ అంకెకు అర్థం లేదు. పరగడుపు గ్లూకోజే తీసుకోండి. అయిదున్నరకే ఊళ్లో ఉండాలన్నది ఇందుకూ పనికొస్తుంది. గ్లూకోమీటర్ వాడితే పక్కనే హిమోగ్లోబిన్ చూడండి, రక్తం పలచనైతే చాలా మీటర్లు షుగర్‌ను ఎక్కువ చూపిస్తాయి. స్ట్రిప్పులు 30 డిగ్రీలు దాటితే పాడవుతాయి, భద్రాచలం వేసవిలో జీపు డ్యాష్‌బోర్డు మీద పెట్టిన డబ్బా ఆ రోజుకే అయిపోయినట్టు. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కార్డు ఇంట్లో ఉంటే ఫలితం చూసి రాసుకోండి. తర్వాత ఛాతీ నొప్పి, ఆయాసం అన్నవాళ్లను విడదీయడానికి పనికొస్తుంది.

ప్రశ్నపత్రం గురించి. ఇంగ్లిష్ నుంచి తెలుగు, తెలుగు నుంచి అప్పటికప్పుడు కోందుల భాష కువిలోకి అనుకుంటే కుదరదు. తెలుగులోనే చూడండి, "గుండె నొప్పి" అంటే చాలామందికి ఛాతీలో ఎక్కడ నొప్పైనా అదే. "గుండెలో మంట" గ్యాస్. "ఆయాసం" ఉబ్బసానికీ, రక్తహీనతకీ, గుండె జబ్బుకీ ఒకటే మాట. నొప్పి చోటు చేత్తో చూపించమనండి. మెట్లు ఎక్కితే వస్తుందా అని అడక్కండి, అక్కడ మెట్లే ఉండవు. నీళ్ల బిందెతో ఊట నుంచి ఎక్కి వచ్చేటప్పుడు మధ్యలో ఆగుతున్నారా అని అడగండి. పొగాకు బొమ్మల కార్డులో సిగరెట్, బీడీ చాలవు. ఉత్తరాంధ్రలో ఆడవాళ్లు చుట్ట నిప్పు నోట్లోకి పెట్టి తాగే అడ్డపొగ ఉండాలి. మందు విషయంలో పెగ్గు, సీసా లెక్క కుదరదు. జీలుగు కల్లు సొరకాయ బుర్రతో తాగుతారు. ఆ ఊరి బుర్రలో నీళ్లు పోసి కొలజాడీలో కొలిచి, "బుర్ర అంటే ఇన్ని మిల్లీలీటర్లు" అని ఊరి షీటులో రాసుకోండి. ఇప్పసారాకు వాడే గ్లాసుకీ అంతే.

రుమాటిక్ జబ్బు ఎంచుకుంటే లెక్కలు మారతాయి. వెయ్యికి ఎనిమిది మంది అనుకోండి. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతాల్లో ఎకోతో చూసినప్పుడు మూలవాసి పిల్లల్లో ఖచ్చితమైన జబ్బు వెయ్యికి 8.6 తేలింది, ముప్పు తక్కువున్న ఇతర పిల్లల్లో ఒక్కరికీ లేదు. 0.8 శాతాన్ని అటూ ఇటూ 0.3తో పట్టుకోవాలంటే 3,400 మంది, బడుల వారీ ఎంపికకు కలుపుకుంటే 4,400 దాకా. పిల్లకు ఆరేడు నిమిషాలు. రోజుకు 55 మందిని మించితే చూసేవాళ్ల కళ్లు మొరాయిస్తాయి. అంటే ఒక ప్రోబ్‌తో (ఎకో పరికరంతో) 80 పని దినాలు. స్టెతస్కోపుతో చేద్దామనుకోవద్దు, తొలి దశ జబ్బు చెవికి దొరకదు.

చేతిలో పట్టే ఎకో యంత్రాల్లో చాలావాటికి రక్త ప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్ మాత్రమే ఉంటుంది, వేగం కొలవలేరు. అందుకే 2023 వరల్డ్ హార్ట్ ఫెడరేషన్ మార్గదర్శకాలు స్క్రీనింగ్‌కి విడిగా గీత గీశాయి: మైట్రల్ కవాటం లీకై వెనక్కి చిమ్మే రక్తపు ధార (జెట్) 30 కిలోల లోపు పిల్లల్లో 1.5 సెంటీమీటర్లు, ఆపైన 2 సెంటీమీటర్లు దాటితే పెద్ద యంత్రానికి పంపాలి. కాబట్టి తూకం మిషన్ లేకుండా వెళ్లకండి. అక్కడ జెట్ వేగం సెకనుకు 3 మీటర్లు, రెండు వ్యూలలో కనిపించడం, సిస్టోల్ (గుండె ముడుచుకునే సమయం) మొత్తం ఉండటం, కవాటం మందం చూసి నిర్ధారించాలి. నైక్విస్ట్ లిమిట్ (యంత్రం సరిగా చూపగల రక్త వేగపు హద్దు) కిందికి జరిగితే జెట్ ఉన్నదానికంటే పొడుగ్గా కనపడుతుంది. ఆ సెట్టింగ్ పైకి పెట్టి, ప్రతి ఉదయం మొదటి పిల్లకు ముందు చూసుకోండి. పదో వంతు క్లిప్పులను ఇంకో కార్డియాలజిస్టు పేర్లు, ఊళ్లు తెలియకుండా చదవాలి.

ఆశ్రమ పాఠశాల సులువైన చోటు, తప్పుదారి పట్టించేదీ అదే. బడి మానేసిన పిల్లలు అందులో లేరు, పదో తరగతి తర్వాత ఇంటికొచ్చిన అమ్మాయిలు లేరు. డార్మిటరీలో పక్కపక్కన పడుకునే పిల్లల్లో గొంతు ఇన్ఫెక్షన్ తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి బడి ముప్పు వేరు, ఇంటి ముప్పు వేరు. పిల్ల సొంత ఊరు, హాస్టల్‌లో ఎన్నేళ్లుగా ఉందో రాయండి. అసలు నష్టం ఇంకా తర్వాతి వయసులో: కవాటం సన్నబడిన సంగతి చాలామందికి మొదటి కాన్పులో ఊపిరి ఆడనప్పుడే తెలుస్తుంది. మాతృ మరణాల సమీక్ష ఫైళ్లు డీఎంహెచ్‌వో (జిల్లా వైద్యాధికారి) దగ్గర ఉంటాయి, అనుమతితో వాటిని చదవండి. ఈ థీసిస్‌కి అవి బంగారం.

జబ్బు తేలిన పిల్లకు ఏం ఇస్తారో ముందే రాసిపెట్టుకోకపోతే స్క్రీనింగ్ మొదలుపెట్టవద్దు. ఉగాండాలో 818 మంది పిల్లలపై జరిగి 2022లో వెలువడిన ట్రయల్‌లో, లక్షణాలు లేని తొలి దశలో నాలుగు వారాలకోసారి బెంజథీన్ పెన్సిలిన్ ఇస్తే రెండేళ్లలో జబ్బు ముదిరింది 0.8 శాతానికి, ఇవ్వనివాళ్లలో 8.2 శాతానికి. అంటే కనిపెట్టి వదిలేయడం తప్పు. ఇంజెక్షన్ ఎవరు వేస్తారు, మీ థీసిస్ అయిపోయాక స్టాక్ ఎక్కడిది, ఎలర్జీ వస్తే ఎడ్రినలిన్ ఎక్కడుంది, ఈ మూడిటికీ పీహెచ్‌సీ డాక్టర్ సంతకం కావాలి. ఫలితం తల్లిదండ్రులకు చెప్పండి, బడి రిజిస్టర్‌లో రాయొద్దు. "గుండె జబ్బు పిల్ల" అన్న మాట పెళ్లి దాకా వెంటపడుతుంది.

మరణాల గురించి క్లుప్తంగా, ఎందుకంటే అది మీ థీసిస్‌లో పట్టదు. దేశంలో నమోదైన మరణాల్లోనే వైద్యుడు కారణం రాసినవి 2020లో 22.5 శాతం. రాసినచోట "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్" అని ఉంటే అది కారణం కాదు, చావుకు మరో పేరు. ఇంటికెళ్లి వెర్బల్ అటాప్సీ (చావుకు ముందు లక్షణాలను ఇంటివాళ్లను అడిగి కారణం తేల్చడం) చేయాలి, అదీ ఏడాది లోపు మరణాలకే, దినాలు గడిచాక. పాడేరు వైపు "చిల్లంగి (చేతబడి) పెట్టారు" అంటారు. వాదించకండి. ఆ మాట ఉన్నదున్నట్టు రాసి, ఆ తర్వాత పడుకుంటే ఊపిరి ఆడేదా, కాళ్లు వాచాయా, ఎన్ని గంటల్లో పోయారు అని అడగండి. ఇద్దరు డాక్టర్లు విడివిడిగా కారణం రాయాలి. 35 ఏళ్లకు కవాటం జబ్బుతో పోయినామెకు కోల్పోయిన జీవితం 50 ఏళ్ల పైమాట. "భారం" అన్న మాట వాడాలంటే ఈ లెక్క రావాలి. అది లేకుండా బీపీ శాతం ఒక్కటే ఉంటే, టైటిల్‌లో "భారం" తీసేసి "ప్రాబల్యం" (ఎందరికి ఉందన్న లెక్క) అని పెట్టుకోండి. గైడ్ ఒప్పుకోకపోయినా సరే.

అనుమతులకు మూడు నెలలు పక్కన పెట్టండి. కాలేజీ ఎథిక్స్ కమిటీ, డీఎంహెచ్‌వో, ఐటీడీఏ పీవో (ప్రాజెక్ట్ ఆఫీసర్), ఆ తర్వాత ఊరి గ్రామసభ. విదేశీ డబ్బు ఉంటే కేంద్ర ఆరోగ్యశాఖ స్క్రీనింగ్ కమిటీ కూడా. ఊరి పెద్ద ఒప్పుకున్నాడంటే ఊళ్లోకి రానిచ్చినట్టే, ప్రతి మనిషీ ఒప్పుకున్నట్టు కాదు. బడిలో వార్డెన్ సంతకం అసలే చెల్లదు. 2009–10లో అప్పటి ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టులో ఆశ్రమ పాఠశాలల అమ్మాయిల తరఫున వార్డెన్లు సంతకాలు పెట్టడం ఎంత గొడవైందో, పార్లమెంటరీ స్థాయీ సంఘం దాకా ఎలా వెళ్లిందో మీ ఎథిక్స్ కమిటీకి గుర్తుండే ఉంటుంది. తల్లిదండ్రుల సంతకం గానీ సాక్షితో వేలిముద్ర గానీ కావాలి. ఏడేళ్లు దాటిన పిల్ల ఒప్పుకోలు దానికి అదనం. రక్తం తీస్తే దేనికో అదే చెప్పండి, మిగిలింది పారేస్తామని రాయండి, పారేయండి. అరిజోనాలో హవసుపాయి తెగ షుగర్ కోసమని ఇచ్చిన రక్తాన్ని వేరే పరిశోధనలకూ వాడారు. తెగ కోర్టుకెక్కింది. 2010లో విశ్వవిద్యాలయం 7 లక్షల డాలర్లు చెల్లించి, నమూనాలు తిరిగి ఇచ్చేసింది.

విశ్లేషణలో రెండే మాటలు. ముడి శాతం, వయసు సరిచేసిన శాతం రెండూ ఇవ్వండి. చిన్న వయసులో ఎక్కువమంది పోయే జనంలో ముడి శాతం ఎప్పుడూ తక్కువే కనిపిస్తుంది. క్లస్టర్లను లెక్కలో పెట్టకుండా మామూలు కై-స్క్వేర్ (తేడా నిజమా, యాదృచ్ఛికమా చూసే పరీక్ష) నొక్కేస్తే లేని తేడా ఉన్నట్టు వస్తుంది, సాఫ్ట్‌వేర్‌లోని సర్వే కమాండ్లే వాడండి.

సర్వేకి ఎంపిక కాని ఒక గూడెంలో ముందు పైలట్ (నమూనా సర్వే) చేసి గడియారం పెట్టి చూడండి. మనిషికి 40 నిమిషాలు దాటితే ప్రశ్నలు కోయండి. బీపీ 180/110 దాటినవాళ్లను అదే రోజు పీహెచ్‌సీకి తీసుకెళ్లే బండి ఖర్చు, నెల మాత్రల ఖర్చు బడ్జెట్‌లో వేసుకోండి. అంతకు ముందు ఆ పీహెచ్‌సీలో బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ స్టాక్ ఉందో లేదో ఫార్మసిస్టును అడిగి రండి.